వర్చువల్ మెషిన్‌లో నిల్వస్థలం: మినీడిస్కు నుంచి క్లౌడ్ దాకా – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒకే కంప్యూటరును పలువురికి విడివిడి కంప్యూటర్లుగా చూపే వర్చువల్ మెషిన్ పద్ధతికి ఆరు దశాబ్దాల చరిత్ర ఉంది. వర్చువల్ మెషిన్‌లో నిల్వస్థలం అయిపోవడం ఆ చరిత్ర పొడవునా ఎదురవుతున్న సమస్య. అయితే దాని స్వభావం అన్ని కాలాల్లోనూ ఒకటిగా లేదు. 1960లలో అది కేవలం జాగా కొరత. 1990ల తరువాత దానికి పొరల మధ్య సమాచార లోపం తోడైంది. పై పొరలో ఫైళ్లను చెరిపివేసిన సంగతి కింది పొరకు చేరకపోవడమే ఈ లోపానికి మూలం. ఈ పరిణామాన్ని ఐబీఎం మినీడిస్కుల కాలం నుంచి నేటి క్లౌడ్ డిస్కుల వరకు కాలక్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వర్చువల్ మెషిన్, మినీడిస్కు, స్నాప్‌షాట్, థిన్ ప్రొవిజనింగ్, నిల్వస్థలం, చెరిపివేత, క్లౌడ్.

1. ఉపోద్ఘాతం:

వర్చువల్ మెషిన్ అంటే సాఫ్ట్‌వేర్ సాయంతో ఏర్పడిన కంప్యూటరు. దానికీ ప్రాసెసరు, మెమరీ, డిస్కు ఉన్నట్టే కనిపిస్తాయి. అవన్నీ అడుగున ఉన్న అసలు కంప్యూటరు నుంచి వచ్చిన వాటాలు. అసలు కంప్యూటరును ఆతిథేయి అనీ, దానిపై నడిచే వర్చువల్ మెషిన్‌ను అతిథి అనీ ఈ వ్యాసంలో వ్యవహరించడమైనది.

ప్రాసెసరు వాటాకూ డిస్కు వాటాకూ ఒక ముఖ్యమైన భేదం ఉంది. ప్రాసెసరును ఒక క్షణం ఒక అతిథికి, మరుక్షణం మరొక అతిథికి ఇవ్వవచ్చు. వాడుకున్న కాలం గడిచిపోతుంది, దాన్ని నిలిపి ఉంచవలసిన పని లేదు. డిస్కు అలాంటిది కాదు. ఒకసారి రాసినది చెరిపివేసేదాకా అక్కడే ఉండాలి. కాబట్టి డిస్కు విషయంలో ఎవరికి ఎంత ఇచ్చారు, అందులో ఎంత వాడుకలో ఉంది, ఎంత తిరిగి ఖాళీ అయింది అనే మూడు లెక్కలు ఎప్పటికీ అవసరమవుతాయి. ఈ మూడు లెక్కలు ఏయే పొరల దగ్గర ఉండేవన్న ప్రశ్నే ఈ పరిశీలనకు ఆధారం.

2. మినీడిస్కు – హద్దులు గీసిన జాగా:

ఉన్నదానికంటే ఎక్కువ ఉన్నట్టు చూపడమనే ఆలోచన మొదట మెమరీ విషయంలో ఆచరణలోకి వచ్చింది. 1962లో ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ప్రారంభమైన అట్లాస్ కంప్యూటరు, చిన్నదైన కోర్ మెమరీనీ పెద్దదైన డ్రమ్ నిల్వనూ కలిపి ప్రోగ్రామరుకు ఒకే విశాలమైన మెమరీగా చూపింది. మెమరీ చాలనప్పుడు కొంత భాగాన్ని డ్రమ్‌పైకి పంపే వీలు ఉండటం వల్లనే ఇది సాధ్యమైంది. డిస్కు నిండితే దాని వెనుక అటువంటి మరొక ఆశ్రయం లేదు.

1964లో ఐబీఎం సంస్థ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జ్ నగరంలో ఒక సైంటిఫిక్ సెంటరును నెలకొల్పింది. అక్కడ రాబర్ట్ క్రీజీ నాయకత్వంలో రూపొందిన సీపీ-40 అనే నియంత్రణ వ్యవస్థ 1967 జనవరిలో వాడుకలోకి వచ్చింది. ప్రత్యేకంగా మార్పులు చేసిన సిస్టమ్/360 మోడల్ 40 యంత్రంపై ఇది 14 వర్చువల్ మెషిన్లను ఏకకాలంలో నడిపింది. దీని తరువాత సీపీ-67, 1972 ఆగస్టులో ప్రకటించిన వీఎం/370 అదే మార్గంలో వచ్చాయి.

అప్పటి ఐబీఎం 2311 డిస్కు ప్యాక్‌లో పట్టేది 7.25 మెగాబైట్లు. అది 200 సిలిండర్లుగా, ఒక్కో సిలిండరు 10 ట్రాకులుగా, ఒక్కో ట్రాకు 3,625 బైట్లుగా విభజితమై ఉండేది. ప్రతి వాడుకరికీ ఒక ప్యాక్ కేటాయించడం ఖర్చుతో కూడిన పని. కేంబ్రిడ్జ్ బృందం దీనికి పరిష్కారంగా మినీడిస్కును రూపొందించింది. డిస్కులోని వరుస సిలిండర్లను కొన్నింటిని ఒక వాడుకరికి కేటాయించి, అతని వర్చువల్ మెషిన్‌కు వాటినే ఒక సంపూర్ణ డిస్కుగా చూపడం దీని సారాంశం. 10 సిలిండర్ల మినీడిస్కు పొందిన వాడుకరికి దక్కేది 3,62,500 బైట్లు. అతిథి తన సున్నా సిలిండరును అడిగితే నియంత్రణ వ్యవస్థ ఆ సంఖ్యకు మినీడిస్కు మొదలయ్యే సిలిండరు సంఖ్యను కలిపి అసలు డిస్కుకు పంపేది. హద్దు దాటితే, లేని సిలిండరును అడిగినప్పుడు నిజమైన డిస్కు ఇచ్చే దోష సంకేతాన్నే తిరిగి ఇచ్చేది.

ఈ పద్ధతిలో కేటాయింపు, వాస్తవ జాగా ఒకటే. డైరెక్టరీలో రాసిన సిలిండర్లు డిస్కుపై కచ్చితంగా ఉంటాయి. ఇద్దరి హద్దులు ఒకదానిపై ఒకటి పడకుండా డైరెక్టరీ రాయడం నిర్వాహకుడి బాధ్యత. మినీడిస్కు నిండితే వాడుకరికి రెండు దారులు ఉండేవి: పాత ఫైళ్లను చెరిపివేయడం, లేదా మరింత జాగా కోసం నిర్వాహకుణ్ణి అడగడం. పక్క సిలిండర్లు సాధారణంగా వేరొకరి వాటా కావడంతో హద్దును అక్కడికక్కడే జరపడం కుదిరేది కాదు. వేరొకచోట పెద్ద మినీడిస్కు కేటాయించి, ఫైళ్లను అందులోకి నకలు చేసి, పాతదాన్ని విడుదల చేయవలసి వచ్చేది. ఆ పూటకు మాత్రమే జాగా కావలసినవారికి వీఎం/370లో తాత్కాలిక డిస్కు తీసుకునే వీలుండేది. సెషన్ ముగియగానే అది, అందులోని ఫైళ్లతో సహా పోయేది.

ఈ ఏర్పాటులో వృథా ఎక్కువ. పది సిలిండర్లు పొంది రెండే వాడుకునేవారి మిగులు ఎనిమిది సిలిండర్లు ఇతరులకు పనికివచ్చేవి కావు. అయినా ఒకరి మినీడిస్కు నిండితే ఇబ్బంది ఆ ఒక్కరికే పరిమితం. కొరత ఎక్కడ పుట్టిందో అక్కడే తెలిసేది.

3. పెరిగే ఫైలు – వ్యక్తిగత కంప్యూటర్లపై వర్చువల్ డిస్కు:

1980లలో చౌకైన వ్యక్తిగత కంప్యూటర్లు రావడంతో యంత్రాన్ని పంచుకోవలసిన అవసరం తగ్గింది. వర్చువల్ మెషిన్ తిరిగి చర్చలోకి రావడానికి 1997లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎడ్వర్డ్ బుగ్నియన్, స్కాట్ డివైన్, మెండెల్ రోజెన్‌బ్లమ్ వెలువరించిన డిస్కో పరిశోధన దోహదం చేసింది. అందులో పలు అతిథులు ఒకే మూల డిస్కును చదువుతాయి. ఏ అతిథి అయినా మార్పు చేస్తే ఆ మార్పు విడిగా నమోదవుతుంది, మూల డిస్కు మారదు. ‘రాసినప్పుడే నకలు’ అనే ఈ సూత్రం ఆ తరువాతి చరిత్రకు పునాది అయింది.

ఆ ముగ్గురూ డయాన్ గ్రీన్, ఎల్లెన్ వాంగ్‌లతో కలిసి 1998లో వీఎంవేర్ సంస్థను స్థాపించారు. 1999లో వచ్చిన వారి తొలి ఉత్పత్తి వర్క్‌స్టేషన్‌లో అతిథి డిస్కు ఆతిథేయిపై ఒక సాధారణ ఫైలు రూపం తీసుకుంది. 2003లో ఫాబ్రిస్ బెల్లార్డ్ విడుదల చేసిన క్యూఈఎంయూ, ఆ తరువాత వచ్చిన వర్చువల్‌బాక్స్ కూడా ఇదే బాటలో నడిచాయి.

ఈ ఫైలు నిర్మాణం గమనించదగినది. అతిథికి 100 గిగాబైట్ల డిస్కు చూపినా ఫైలు మొదట కొన్ని మెగాబైట్లకు మించదు. అతిథి ఏదైనా భాగంలో తొలిసారి రాసినప్పుడే ఫైలులో దానికి జాగా ఏర్పడుతుంది. అతిథి అడిగే స్థానం ఫైలులో ఎక్కడ ఉందో తెలిపే పట్టిక ఒకటి ఫైలులోనే ఉంటుంది. ఇలా ఒక్కోసారి పెరిగే ముక్క పరిమాణం క్యూకౌ2 రూపంలో సాధారణంగా 64 కిలోబైట్లు, వర్చువల్‌బాక్స్ వీడీఐ రూపంలో 1 మెగాబైటు.

మినీడిస్కుతో పోలిస్తే ఇది మౌలికమైన మార్పు. కేటాయింపు వాస్తవ జాగా నుంచి విడిపోయింది. ఒక 500 గిగాబైట్ల ఆతిథేయ డిస్కుపై 100 గిగాబైట్ల అతిథులను పది నిలపడం సాధ్యమైంది. వృథా పోయింది. దానితోపాటు కొరత పుట్టిన చోటే తెలిసే స్థితి కూడా పోయింది.

4. స్నాప్‌షాట్ – భద్రపరిచిన గతానికి అయ్యే ఖర్చు:

‘రాసినప్పుడే నకలు’ సూత్రం నుంచి స్నాప్‌షాట్ పుట్టింది. స్నాప్‌షాట్ తీసుకున్న క్షణం నుంచి మూల ఫైలు చదవడానికే పరిమితమవుతుంది. కొత్త రాతలన్నీ అనుబంధ ఫైలులోకి చేరతాయి. ప్రయోగం విఫలమైతే ఆ అనుబంధాన్ని పారేసి వెనుకటి స్థితికి వెళ్లవచ్చు. సాఫ్ట్‌వేర్ పరీక్షకులకు, అధ్యాపకులకు ఇది గొప్ప సౌకర్యం.

అయితే అనుబంధ ఫైలు పెరుగుదలకు అతిథిలోని ఫైళ్ల మొత్తంతో సంబంధం లేదు. ఒకే ఫైలును తిరగరాసినా, చెరిపి మళ్లీ రాసినా, తాకిన ప్రతి కొత్త భాగమూ అనుబంధంలో చేరుతుంది. మరిచిపోయిన స్నాప్‌షాట్ కాలక్రమంలో మూల డిస్కు పూర్తి పరిమాణం దాకా పెరగగలదు. అందుకే వీఎంవేర్ సంస్థ ఒక స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవద్దని, దాన్ని బ్యాకప్‌గా పరిగణించవద్దని తన వినియోగదారులకు సూచించింది. స్నాప్‌షాట్‌ను తొలగించడం కూడా ఉచితంగా జరిగే పని కాదు. అనుబంధంలోని మార్పులను మూలంలో విలీనం చేయడానికి, ఆ సమయంలో అతిథి చేసే కొత్త రాతలకు ఆతిథేయిపై అదనపు జాగా అవసరం కావచ్చు. నిండిన తరువాత శుభ్రం చేద్దామనుకున్న నిర్వాహకుడికి, శుభ్రం చేయడానికి కావలసిన జాగా మిగలని పరిస్థితి ఇలా ఏర్పడుతుంది.

5. థిన్ ప్రొవిజనింగ్ – ఆయకట్టును మించిన వాగ్దానం:

వ్యక్తిగత కంప్యూటర్లపై ఫైలు చేసిన పనినే పెద్ద సంస్థల నిల్వ పరికరాలు తమ స్థాయిలో చేశాయి. 1990ల మధ్యలో స్టోరేజ్‌టెక్ సంస్థ ఐస్‌బర్గ్ అనే డిస్కు వ్యవస్థను తెచ్చింది. మెయిన్‌ఫ్రేమ్‌కు అది పెద్ద పెద్ద డిస్కులుగా కనిపించేది. లోపల మాత్రం రాసిన డేటాకే జాగా ఖర్చయ్యేది. 2000ల తొలి సంవత్సరాల్లో 3పార్ వంటి సంస్థలు ఈ పద్ధతిని థిన్ ప్రొవిజనింగ్ అనే పేరుతో ప్రచారంలోకి తెచ్చాయి. 2012 జనవరిలో వచ్చిన లినక్స్ 3.2 కెర్నెల్‌తో ఇది ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనూ లభ్యమైంది.

ఈ పద్ధతిని చెరువు కింది ఆయకట్టుతో పోల్చవచ్చు. అందరూ ఒకేసారి నీరు పెట్టరన్న అంచనాతో చెరువు సామర్థ్యాన్ని మించి ఆయకట్టు నమోదు చేసినట్టు, అందరూ ఒకేసారి డిస్కు నింపరన్న అంచనాతో నిల్వ సామర్థ్యాన్ని మించి డిస్కులు పంచుతారు. అంచనా తప్పితే చెరువు కింద నష్టపోయేది ఎక్కువ నీరు వాడినవాడు కాదు, చివరి ఆయకట్టు రైతు.

వర్చువల్ మెషిన్లలోనూ ఇదే జరుగుతుంది. ఉమ్మడి నిల్వ నిండినప్పుడు అప్పటికే తన జాగా పొందిన అతిథి నిరాటంకంగా సాగుతుంది. కొత్త ముక్క అడిగిన అతిథి ఆగిపోతుంది. జాగాను నింపినది ఒకటి, ఆగిపోయేది మరొకటి కావచ్చు. ఆగిపోయిన అతిథి తెరపై ఇంకా సగం డిస్కు ఖాళీగా ఉన్నట్టే లెక్క ఉంటుంది.

6. చెరిపివేత – కింది పొరకు చేరని కబురు:

6.1 సమస్య స్వరూపం:

ఫైలును చెరిపివేసినప్పుడు ఫైల్ సిస్టమ్ సాధారణంగా ఆ ఫైలులోని డేటాను తాకదు. ఆ భాగాలు ఇక ఖాళీ అని తన పట్టికలో గుర్తు పెట్టుకుంటుంది. ఒకే యంత్రం, ఒకే డిస్కు ఉన్న కాలంలో ఇది సరిపోయింది, ఎందుకంటే ఖాళీ ఎంతో తెలియవలసిన అవసరం డిస్కుకు లేదు. వర్చువల్ డిస్కు వచ్చాక ఆ అవసరం ఏర్పడింది. డిస్కుతో మాట్లాడే భాషలో అప్పటికి చదువు, రాయి అనే మాటలు ఉండేవి కానీ ‘ఇది ఇక నాకు అక్కర్లేదు’ అనే మాట ఉండేది కాదు.

ఒక ఉదాహరణతో దీన్ని వివరించవచ్చు. 100 గిగాబైట్ల డిస్కు ఉన్న అతిథిలో ఆపరేటింగ్ సిస్టమ్ 20 గిగాబైట్లు ఆక్రమించింది. వాడుకరి 50 గిగాబైట్ల దత్తాంశాన్ని దించుకుని, విశ్లేషణ ముగిశాక చెరిపివేశాడు. అతిథిలో 80 గిగాబైట్లు ఖాళీ. ఆతిథేయిపై ఫైలు మాత్రం 70 గిగాబైట్లుగానే మిగిలింది. తరువాతి దత్తాంశాన్ని ఫైల్ సిస్టమ్ ఇంతవరకు తాకని భాగంలో రాస్తే ఆ ఫైలు ఇంకా పెరుగుతుంది.

6.2 తొలి ప్రయత్నాలు:

ఈ లోపాన్ని గుర్తించిన తొలి వ్యవస్థల్లో ఐస్‌బర్గ్ ఒకటి. మెయిన్‌ఫ్రేమ్‌లో చెరిపివేసిన డేటా వివరాలను డిస్కు వ్యవస్థకు తెలిపి ఆ జాగాను విడిపించే ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌ను దానికి జోడించారు. పొరల మధ్య కబురు అవసరమన్న గుర్తింపు అలా 1990లలోనే ఉంది. అయితే అది ఆ పరికరానికే పరిమితమైన ఏర్పాటు, సర్వసాధారణ ప్రమాణం కాదు.

వ్యక్తిగత కంప్యూటర్ల వాడుకరులు వేరొక ఉపాయం పట్టారు. అతిథిలోని ఖాళీ భాగమంతా సున్నాలతో నింపి, తరువాత ఆ సున్నాల ముక్కలను ఫైలు నుంచి తీసివేసే పద్ధతి అది. విండోస్‌లో ఎస్‌డిలీట్, లినక్స్‌లో జీరోఫ్రీ వంటి పరికరాలు దీనికి ఉపకరించాయి. ఇందులో ఒక ప్రమాదం ఉంది. నడుస్తున్న అతిథిలో ఖాళీ అంతటా సున్నాలు రాస్తే, ఆ రాతల వల్లనే వర్చువల్ డిస్కు ఫైలు ముందుగా తన పూర్తి పరిమాణానికి పెరగవచ్చు. జాగా తిరిగి పొందేందుకు చేసిన పనే ఆతిథేయి డిస్కును నింపివేసే అవకాశం ఉంది.

6.3 ట్రిమ్, అన్‌మ్యాప్ ఆదేశాలు:

మార్పు వేరొక దిశ నుంచి వచ్చింది. ఫ్లాష్ మెమరీతో తయారైన ఎస్‌ఎస్‌డీ డిస్కులు వేగం నిలుపుకోవాలంటే ఏ భాగాలు ఖాళీయో వాటికి తెలియాలి. ఈ అవసరం కోసం ఏటీఏ ప్రమాణంలో ట్రిమ్ అనే ఆదేశం చేరింది. 2009 అక్టోబరులో వచ్చిన విండోస్ 7 దాన్ని వాడుకలోకి తెచ్చింది. పెద్ద నిల్వ పరికరాల స్కజీ ప్రమాణంలో అన్‌మ్యాప్ అనే ఆదేశం ఇదే పనికి ఏర్పడింది. డిస్కు భాషలో లేని మాట ఇలా చేరింది.

మాట చేరినంత మాత్రాన సంభాషణ కుదరలేదు. 2011లో వచ్చిన వీఎంవేర్ వీస్ఫియర్ 5.0, చెరిపివేత కబురును నిల్వ పరికరాలకు తనంతట తానే పంపింది. కొన్ని పరికరాలు ఆ ఆదేశాలకు చాలా నెమ్మదిగా స్పందించడంతో దాన్ని నిలిపివేయమని ఆ సంస్థే సూచించవలసి వచ్చింది. ఆ తరువాత కొన్నేళ్లు నిర్వాహకులు దాన్ని చేత్తో నడిపించారు. 2016 నవంబరులో 6.5 వెర్షనుతో అది తిరిగి స్వయంచాలకమైంది. లినక్స్ పక్షాన వర్షియో-బ్లాక్ అనే విస్తృతంగా వాడే వర్చువల్ డిస్కు పద్ధతికి ఈ సౌకర్యం 2019లో వచ్చిన లినక్స్ 5.0, క్యూఈఎంయూ 4.0లతో గానీ దక్కలేదు.

అతిథి ఫైల్ సిస్టమ్, వర్చువల్ డిస్కు, ఆతిథేయి ఫైల్ సిస్టమ్, నిల్వ పరికరం – ఈ గొలుసులో ఏ ఒక్క లంకె ఆ కబురును మింగివేసినా కింది జాగా విడుదల కాదు. ఏ పొరా దోష సందేశం ఇవ్వకపోవచ్చు. అందువల్ల ఈ సమస్యను గుర్తించడమే ఒక పరిశోధన అవుతుంది.

6.4 మిగిలిపోయిన రాతలు:

చెరిపివేత కబురు చేరకపోవడం జాగాకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. 2012లో బ్రిటన్‌కు చెందిన ఒక భద్రతా పరిశోధన సంస్థ కొన్ని క్లౌడ్ సేవల్లో కొత్తగా తీసుకున్న వర్చువల్ డిస్కులను పరిశీలించి, వాటిలో పూర్వపు వాడుకరుల డేటా శకలాలను కనుగొన్నట్టు వెల్లడించింది. పై పొరలో ఖాళీగా లెక్కకు వచ్చినది కింది పొరలో ఇంకొకరి రాతగా నిలిచి ఉండటమే ఇందుకు కారణం. నిల్వస్థలం నిర్వహణ, గోప్యత ఒకే ప్రశ్నకు రెండు ముఖాలని ఈ ఘటన నిరూపించింది.

7. నిండినప్పుడు – రెండు వేర్వేరు స్థితులు:

డిస్కు నిండే స్థితిని ఫైల్ సిస్టమ్ రూపకర్తలు మొదటి నుంచీ ఊహించారు. 1984లో ప్రచురితమైన బర్కిలీ ఫాస్ట్ ఫైల్ సిస్టమ్ సుమారు 10 శాతం జాగాను సాధారణ వాడుకరులకు అందకుండా ఉంచింది. లినక్స్ ఎక్స్‌ట్ శ్రేణి ఫైల్ సిస్టమ్‌లు సాధారణంగా 5 శాతాన్ని నిర్వాహకుడి కోసం అట్టిపెడతాయి. అతిథి తన సొంత డిస్కును నింపితే ఈ ఏర్పాట్లు ఆదుకుంటాయి. ప్రోగ్రామ్‌కు జాగా లేదన్న సమాధానం వస్తుంది. నిర్వాహకుడు లోపలికి వెళ్లి పాత లాగ్ ఫైళ్లను తొలగించగలడు.

ఆతిథేయి నిండితే ఈ రక్షణలు పనిచేయవు. అతిథికి తన డిస్కు నిండలేదు కాబట్టి దాని లెక్కలో లోపం లేదు. అటువంటి వేళ వీఎంవేర్, క్యూఈఎంయూ వంటివి సాధారణంగా అతిథిని ఉన్నపళంగా నిలిపివేస్తాయి. జాగా కల్పించాక ఆగిన రాతను మళ్లీ ప్రయత్నించి కొనసాగిస్తాయి. అతిథికి తప్పుడు సమాధానం ఇచ్చి డేటాబేసును పాడుచేయడం కంటే ఆపివేయడమే క్షేమకరమన్నది దీని వెనుకనున్న తర్కం. లినక్స్ థిన్ నిల్వ మాత్రం అప్రమేయంగా 60 సెకన్లు వేచిచూసి, ఆపై రాతలను తిరస్కరిస్తుంది.

డిస్కును పెంచే పనిలోనూ పొరల ప్రభావం కనిపిస్తుంది. వర్చువల్ డిస్కును పెంచితే సరిపోదు. అతిథిలోని పార్టిషన్‌ను, ఎల్‌వీఎం ఉంటే దాని భాగాలను, చివరకు ఫైల్ సిస్టమ్‌ను అదే వరుసలో పెంచాలి. 2008లో అమెజాన్ ప్రారంభించిన ఈబీఎస్ క్లౌడ్ డిస్కుల పరిమాణం తొలినాళ్లలో స్థిరం. పెద్దది కావాలంటే స్నాప్‌షాట్ నుంచి కొత్త డిస్కు సృష్టించుకోవాలి. ఇది మినీడిస్కు కాలపు పద్ధతినే గుర్తుకు తెస్తుంది. 2017 ఫిబ్రవరిలో ఉన్న డిస్కునే పెంచే వీలు వచ్చింది. తగ్గించే వీలు మాత్రం అందులో చేరలేదు. పెంచడానికి కొత్త జాగా ఉందని తెలిస్తే చాలు. తగ్గించాలంటే ఏది ఖాళీయో అన్ని పొరలూ ఏకాభిప్రాయానికి రావాలి. విస్తరణ సులభం, సంకోచం దుష్కరం కావడానికి కారణం ఇక్కడే ఉంది.

2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్ ప్రాంతీయ కేంద్రాన్ని హైదరాబాదులో ప్రారంభించింది. తెలుగునాట సంస్థల దస్త్రాలు, డిజిటల్ గ్రంథ భాండాగారాలు ఇటువంటి వర్చువల్ డిస్కులపై ఆధారపడే కొద్దీ, ఈ చరిత్ర సాంకేతిక నిపుణులకే పరిమితమైన విషయంగా ఉండదు.

8. ముగింపు:

- 1967 నాటి మినీడిస్కులో కేటాయింపు, వాస్తవ జాగా ఒకటే. వృథా అధికం, కానీ కొరత దాని కర్తకే పరిమితమయ్యేది.
- 1990ల చివర పెరిగే ఫైలు, ఆ తరువాత థిన్ ప్రొవిజనింగ్ ఆ రెండింటినీ విడదీశాయి. వృథా తగ్గింది. ఒకరి వాడుక మరొకరిని ఆపివేసే స్థితి ఏర్పడింది.
- రాసిన సంగతి కింది పొరకు వెంటనే తెలుస్తుంది. చెరిపిన సంగతి తెలియడానికి ప్రత్యేక ఆదేశాలు, వాటిని అన్ని పొరలూ అంగీకరించడం అవసరమయ్యాయి. ఐస్‌బర్గ్ కాలం నుంచి 2019 వరకు జరిగిన కృషిలో ప్రధాన భాగం దీనికే వెచ్చించబడింది.
- స్నాప్‌షాట్ తొలగింపు, సున్నాలతో నింపడం వంటి నివారణలకు ముందుగా కొంత జాగా కావాలి. కాబట్టి అవి నిండకముందు చేయవలసిన పనులు.
- ఒక పొర చూపే ఖాళీ లెక్క ఒక సాక్షి వాంగ్మూలం వంటిది. అతిథి లెక్కను, వర్చువల్ డిస్కు ఫైలు వాస్తవ పరిమాణాన్ని, ఆతిథేయి నిల్వలో మిగిలిన జాగాను పక్కపక్కన పెట్టి సరిచూసినప్పుడే నిజస్థితి తెలుస్తుంది.